రేడియో కంట్రోల్ విమానానికి ట్రాన్స్‌మిటర్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విమానాలు విరుగుతాయి, మారిపోతాయి, ఇంకొకరి చేతికి వెళ్తాయి. నేల మీద నుంచి విమానాన్ని నడిపించే చేతి పరికరం, అంటే ట్రాన్స్‌మిటర్ మాత్రం, ఏళ్ల తరబడి మన దగ్గరే ఉంటుంది. అయినా కొత్తగా వచ్చేవాళ్లు విమానం కోసం నెల రోజులు ఆలోచించి, ట్రాన్స్‌మిటర్ దగ్గరికొచ్చేసరికి తొందరపడతారు. ఆ తొందరలోంచి పుట్టే సందేహాలు ఎప్పుడూ ఇవే కాబట్టి ఒకచోట చేర్చాం. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

విమానంతో పాటే ట్రాన్స్‌మిటర్ వచ్చింది కదా, మళ్లీ వేరేది కొనాలా?

ఆ ఒక్క విమానంతో నేర్చుకునేంత వరకు అక్కర్లేదు. ఇబ్బంది రెండో విమానం దగ్గర మొదలవుతుంది. పెట్టెలో వచ్చే ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి ఒకే మోడల్ మెమరీ ఉంటుంది, అంటే ఒక్క విమానం సెట్టింగులే గుర్తుంటాయి. ఒక విమానానికి కుదిర్చిన ట్రిమ్‌లు (తిన్నగా ఎగరడానికి చేసే చిన్న సర్దుబాట్లు) ఇంకోదానికి పనికిరావు. వాటికి సరిపడే విడి రిసీవర్లు (విమానంలో ఉండి ట్రాన్స్‌మిటర్ సంకేతాన్ని అందుకునేవి) దొరక్కపోవచ్చు కూడా. రెండో విమానం ఆలోచన ఇప్పటికే ఉంటే, ట్రాన్స్‌మిటర్ లేకుండా అమ్మే విమానం తీసుకుని, ట్రాన్స్‌మిటర్‌ను విడిగా ఎంచుకోవడం మేలు.

ఎన్ని ఛానెళ్లు ఉండాలి?

విమానంలో విడివిడిగా కదలాల్సినవి ఎన్ని ఉంటే అన్ని. థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక), ఈ మూడింటితో ఎగిరే సులువైన ట్రైనర్‌కు, అంటే నేర్చుకునే విమానానికి, 3 చాలు. ఐలెరాన్లు (రెక్కల కొసల దగ్గర ఉండి విమానాన్ని పక్కకు వంచే పలకలు) చేరితే 4. నెమ్మదిగా దిగడానికి రెక్క కిందికి వంగే పలకలు, అంటే ఫ్లాప్‌లకు ఒకటి, ముడుచుకునే చక్రాలకు ఒకటి కలిపితే 6.

లెక్క తప్పేది ఇక్కడే. రెండు ఐలెరాన్ సర్వోలను (పలకలను కదిపే చిన్న మోటార్లను) వై ఆకారపు వైరుతో కలిపితే ఒక ఛానెల్‌తో సరిపోతుంది కానీ, అప్పుడు రెండింటినీ విడిగా సర్దలేం. పైకి లేచే ఐలెరాన్ ఎక్కువ, కిందికి దిగేది తక్కువ కదలాలంటే రెండింటికీ చెరో ఛానెల్ ఇవ్వడమే తేలిక. విమానాన్ని తనంతట తాను నిలకడగా ఉంచే స్టెబిలైజర్ ఉన్న రిసీవర్‌లో మోడ్ మార్చడానికి ఒకటి పోతుంది. మోటారు ఉన్న పెద్ద గ్లైడర్‌కు రెండు ఐలెరాన్లు, రెండు ఫ్లాప్‌లు, ఎలివేటర్, రడ్డర్, మోటారు కలిపి 7 అవుతాయి. కనీసం 6 ఉన్నది తీసుకోండి. 8 దాటితే చాలాకాలం లోటు కనపడదు. 16 ఉందన్న ఒక్క కారణంతో మాత్రం ఏదీ కొనకండి.

మోడ్ 1, మోడ్ 2 అంటే ఏంటి? నేను ఏది తీసుకోవాలి?

ఏ స్టిక్‌తో ఏది కదులుతుందన్నదే మోడ్. మోడ్ 2లో ఎడమ స్టిక్ థ్రాటిల్, రడ్డర్. కుడి స్టిక్ ఎలివేటర్, ఐలెరాన్. మోడ్ 1లో ఎడమ స్టిక్ ఎలివేటర్, రడ్డర్. కుడి స్టిక్ థ్రాటిల్, ఐలెరాన్. 3, 4 మోడ్‌లు వీటిని అటూ ఇటూ తిప్పినవి, వాడేవాళ్లు తక్కువ.

ఏది గొప్పదన్న వాదనతో పనిలేదు. మీకు నేర్పేవాళ్లు ఏది వాడుతున్నారో అదే తీసుకోండి. ఆపదలో ట్రాన్స్‌మిటర్ వాళ్ల చేతికిస్తే వాళ్లు ఆలోచించకుండా విమానాన్ని దింపగలగాలి. నేర్పేవాళ్లు ఎవరూ లేకపోతే మోడ్ 2 తీసుకోండి. ఎక్కువ దేశాల్లో అదే వాడుకలో ఉంది. వేళ్లకు ఒకసారి అలవాటైన మోడ్‌ను తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. చాలా ట్రాన్స్‌మిటర్లలో మోడ్ మార్చే వీలుంది గానీ, మెనూలో మార్చడంతో పని అయిపోదు. థ్రాటిల్ స్టిక్‌కు ఉన్న పట్టీని, ఎలివేటర్ స్టిక్‌కు ఉన్న స్ప్రింగ్‌ను కూడా అటుదిటు చేయాలి.

ఒక కంపెనీ ట్రాన్స్‌మిటర్‌తో ఇంకో కంపెనీ రిసీవర్ పనిచేస్తుందా?

మామూలుగా పనిచేయదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ సెట్లే అయినా ఒక్కో కంపెనీ మాట్లాడే భాష వేరు. ఆ భాషనే ప్రోటోకాల్ అంటారు. స్పెక్ట్రమ్‌ది డీఎస్‌ఎంఎక్స్, ఫుటాబాది ఫాస్ట్, టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, ఫ్లైస్కైది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, ఎఫ్‌ఆర్‌స్కైది ఏసీసీఎస్‌టీ, యాక్సెస్. ఒకే కంపెనీలోనే పాత ప్రోటోకాల్‌కు, కొత్తదానికి పొసగకపోవచ్చు.

కాబట్టి ట్రాన్స్‌మిటర్ కొంటున్నామంటే నిజానికి ఒక రిసీవర్ కుటుంబాన్ని ఎంచుకుంటున్నట్టే. ట్రాన్స్‌మిటర్ ఒకటే ఉంటుంది, రిసీవర్ మాత్రం ప్రతి విమానానికీ కావాలి. ట్రాన్స్‌మిటర్ ధర పక్కన ఐదు రిసీవర్ల ధర రాసి కూడండి. రెండు సెట్ల మధ్య తేడా అప్పుడు తెలుస్తుంది. చవక ట్రాన్స్‌మిటర్ ఖరీదైన రిసీవర్లతో కలిసి మొత్తం మీద ఎక్కువైపోవడం మామూలే. మీరు ఎగరేసే చోట అందరూ ఏ ప్రోటోకాల్ వాడుతున్నారో కూడా అడగండి. విడి రిసీవర్ అరువు దొరకడానికి, బైండ్ (ట్రాన్స్‌మిటర్‌కు, రిసీవర్‌కు జత కుదర్చడం) కాకపోతే సాయం అందడానికి అది పనికొస్తుంది.

మల్టీ ప్రోటోకాల్ తీసుకుంటే ఈ బాధ ఉండదు కదా?

చాలావరకు ఉండదు. ‘ఫోర్ ఇన్ వన్’ మాడ్యూల్‌లో నాలుగు రేడియో చిప్‌లు ఉంటాయి. వాటితో ఫ్లైస్కై, ఎఫ్‌ఆర్‌స్కై, స్పెక్ట్రమ్, ఇంకా ఎన్నో బొమ్మ విమానాల ప్రోటోకాళ్లు పలికించవచ్చు. పెట్టెతో వచ్చిన చిన్న విమానాలు నాలుగైదు ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది వరం. అయితే ఇవన్నీ కంపెనీ ఇచ్చిన వివరాలతో కాక, సంకేతాలను విడదీసి చూసి తయారుచేసినవి. చాలా ఏళ్లుగా బాగానే నడుస్తున్నాయి గానీ, కంపెనీ రిసీవర్‌లో ఏదైనా మార్చితే సర్దుబాటుకు టైం పడుతుంది. బరువైన, వేగమైన విమానానికి ఆ ప్రోటోకాల్ కోసమే తయారైన రేడియోను వాడటం మంచిది.

ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ డ్రోన్లకేనా, విమానాలకీ పనికొస్తుందా?

ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ కూడా ఒక ప్రోటోకాలే, విమానాలకు బాగా పనికొస్తుంది. ఓపెన్ సోర్స్ కావడంతో చాలా కంపెనీలు రిసీవర్లు చేస్తున్నాయి, ధరా తక్కువే. విమానానికి సెకనుకు 500 ప్యాకెట్ల (సంకేతం ముక్కల) వేగం అక్కర్లేదు. 50 లేదా 150 పెట్టుకుంటే రిసీవర్ ఇంకా బలహీనమైన సంకేతాన్ని కూడా పట్టుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 500 దగ్గర రిసీవర్ సున్నితత్వం మైనస్ 105 డీబీఎం (సంకేతం బలానికి కొలత), 50 దగ్గర మైనస్ 115. ఈ 10 డీబీ తేడాకు దూరం దాదాపు మూడు రెట్లవుతుంది.

విమానాల వాళ్లు పొరబడేది ఐదో ఛానెల్ దగ్గర. మామూలు మోడ్‌లలో ఐదో ఛానెల్‌కు ఆన్, ఆఫ్ అనే రెండు స్థానాలే ఉంటాయి, ఎందుకంటే అది డ్రోన్ మోటార్లను ఆర్మ్ చేయడానికి (తిరగడానికి సిద్ధం చేయడానికి) ఉద్దేశించింది. రెండో ఐలెరాన్ సర్వోను దానికి తగిలిస్తే అది ఈ కొస నుంచి ఆ కొసకు గెంతుతుంది తప్ప మధ్యలో ఆగదు. ఐదును స్విచ్‌కు వదిలేసి, రెండో ఐలెరాన్‌ను ఆరుకో ఏడుకో పెట్టండి. ఇంకోటి: విమానానికి సర్వోలు నేరుగా తగిలించే పిన్నులున్న రిసీవరే కొనండి. డ్రోన్ల కోసం చేసిన గోరంత రిసీవర్‌కు సర్వో తగిలించే చోటే ఉండదు.

ఎంత దూరం పనిచేస్తుంది?

ఫుల్ రేంజ్ అని రాసి ఉన్న మంచి 2.4 గిగాహెర్ట్జ్ సెట్ అడ్డంకుల్లేని చోట కిలోమీటరుకు తక్కువ కాకుండా పనిచేస్తుంది. కంటితో చూస్తూ ఎగరేసేవాళ్లకు అంత అక్కర్లేదు. మీటరు రెక్కల విమానం 300, 400 మీటర్లు దాటాక అది మన వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే తెలియదు. మీరు చూడాల్సింది రిసీవర్ మీద ఏముందన్నది. ఇంటి లోపల, చిన్న పార్కుల్లో ఎగరేయడానికని చేసిన చిన్న రిసీవర్లను పెద్ద విమానంలో పెట్టకూడదు.

పాత 72 మెగాహెర్ట్జ్ సెట్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?

నేర్చుకోవడానికి వద్దు. ఆ కాలపు సెట్లు క్రిస్టల్‌తో ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటాయి. అదే ఫ్రీక్వెన్సీ మీద మైదానంలో ఇంకొకరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం కూలిపోతుంది. అందుకే అప్పట్లో ఎవరి ఫ్రీక్వెన్సీ క్లిప్పు వాళ్లు బోర్డు నుంచి తీసుకున్నాకే ఆన్ చేసేవారు. పైగా ఏ దేశంలో ఏ ఫ్రీక్వెన్సీకి అనుమతి ఉందన్నది మారుతుంది. అమెరికాలో మోడల్ విమానాలకు 72 మెగాహెర్ట్జ్ అయితే, యూరప్‌లో ఎక్కువగా 35.

కార్లకు వాడే గన్ ట్రాన్స్‌మిటర్‌తో విమానం ఎగరేయొచ్చా?

కుదరదు. చక్రం, ట్రిగ్గర్‌తో రెండు పనులే జరుగుతాయి. ఎలివేటర్‌కు చోటు లేదు.

## చేతిలో పట్టుకుని చూసేటప్పుడు

హాల్ సెన్సర్ స్టిక్‌లు అంటున్నారు, అంత తేడా ఉంటుందా?

కొత్తలో తేడా తెలియదు, వాడగా వాడగా తెలుస్తుంది. మామూలు స్టిక్ కింద పొటెన్షియోమీటర్ ఉంటుంది. లోపల ఒక కొన కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఎక్కువసేపు ఉండే నడిమి చోట ఆ పట్టీ అరుగుతుంది. అప్పుడు స్టిక్ వదిలేసినా సర్వో సన్నగా వణుకుతుంది. హాల్ స్టిక్‌లో అయస్కాంతం, సెన్సర్ ఉంటాయి, అవి ఒకదాన్నొకటి తాకవు, కాబట్టి అరుగుదల లేదు.

అయినా సెన్సర్ కంటే ముందు చూడాల్సింది బేరింగులు, స్ప్రింగులు. స్టిక్‌ను కొంచెం పక్కకు జరిపి నెమ్మదిగా వదలండి. సరిగ్గా నడిమికి వచ్చి ఆగాలి, అటూ ఇటూ వదులుగా ఊగకూడదు. మెనూలో ఒక్కో ఛానెల్ స్థానాన్ని చూపించే ఛానెల్ మానిటర్ తెరిచి, అదే పని ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చేయండి. రెండుసార్లూ దాదాపు ఒకే అంకె రావాలి. రెండు అంకెలకీ తేడా ఎక్కువగా కనపడితే, ఆ స్టిక్‌తో ఎన్నిసార్లు ట్రిమ్ చేసినా విమానం తిన్నగా పోదు.

గేమ్ కంట్రోలర్ లాంటి చిన్నది బాగుంది, తీసుకోనా?

బొటనవేళ్లు స్టిక్ మీద పెట్టి ఎగరేసేవాళ్లకు హాయిగానే ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి స్టిక్‌ను పట్టుకునేవాళ్లకు పెద్ద ట్రాన్స్‌మిటర్, మెడకు వేసుకునే పట్టీ కావాలి. చిన్నదానిలో స్టిక్ పొట్టిగా ఉంటుంది, దాంతో కాస్త కదిపినా ఎక్కువ కదులుతుంది. థ్రాటిల్ స్టిక్ వదిలితే ఎక్కడుందో అక్కడే నిలవాలి. డ్రోన్ల కోసం చేసినవాటిలో కొన్ని స్ప్రింగుతో నడిమికి వచ్చేస్తాయి. విమానంలో అదంటే స్టిక్ వదలగానే సగం థ్రాటిల్! ఆ స్ప్రింగును తీయడానికి వీలుందో లేదో కనుక్కున్నాకే కొనండి.

మెనూలో తప్పనిసరిగా ఏమేం ఉండాలి?

కనీసం 10 మోడల్ మెమరీలు, సర్వో తిరిగే దిక్కు మార్చడం, రెండు కొసలనూ విడివిడిగా సర్దే ఎండ్ పాయింట్లు, సబ్ ట్రిమ్ (సర్వో నడిమి స్థానం సర్దుబాటు), డ్యూయల్ రేట్ (కదలిక ఎక్కువ, తక్కువలను స్విచ్‌తో మార్చడం), ఎక్స్‌పో (స్టిక్ నడిమి దగ్గర మెత్తబరచడం), మోటారును ఆపేసే థ్రాటిల్ కట్ స్విచ్, తోక లేని విమానాలకు ఎలెవాన్, వీ ఆకారపు తోకకు వీ-టెయిల్ మిక్స్‌లు (ఛానెళ్లను కలిపి కదిపే సెట్టింగులు), ఇవి కాక మనం కట్టుకునే ఖాళీ మిక్స్‌లు రెండు మూడు. సంకేతం తెగినప్పుడు సర్వోలు, మోటారు రావాల్సిన ఫెయిల్‌సేఫ్ స్థానాలను మనమే నిర్ణయించే వీలు ఉండి తీరాలి. గ్లైడర్ల మీద మనసుంటే ఫ్లాప్‌లు కిందికి, ఐలెరాన్లు పైకి వచ్చి బ్రేకులా పనిచేసే మిక్స్‌ను ముందే చూసుకోండి. చాలా చవక సెట్లలో అది ఉండదు.

ఒక్కో విమానానికి ఒక్కో రిసీవర్ నంబరు గుర్తుంచుకునే మోడల్ మ్యాచ్ కూడా విలువైనదే. తప్పు మెమరీతో ఎగరేస్తే ఐలెరాన్ ఎదురు తిరిగి ఉండొచ్చు. మోడల్ మ్యాచ్ ఉంటే అసలు రిసీవరే పలకదు.

ఎడ్జ్‌టీఎక్స్ నేర్చుకోవడం చాలా కష్టమంటారు. నిజమేనా?

ఎడ్జ్‌టీఎక్స్ అంటే చాలా కంపెనీల ట్రాన్స్‌మిటర్లలో నడిచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. మొదటి రెండు వారాలు నిజమే. మామూలు ట్రాన్స్‌మిటర్‌లో ‘ఫ్లాప్’ అని పేరున్న మెనూ తెరుస్తాం. ఎడ్జ్‌టీఎక్స్‌లో మాత్రం ఏ స్టిక్ లేదా స్విచ్ ఇన్‌పుట్, ఏ మిక్స్, ఏ అవుట్‌పుట్ అన్నది మనమే వరసగా కడతాం. నాలుగు ఛానెళ్ల విమానానికి ఇదంతా దండగ అనిపిస్తుంది. అయితే మోడల్ విజర్డ్ చాలావరకు చేసి పెడుతుంది, కంప్యూటర్‌లో కంపానియన్ అనే ప్రోగ్రాంలో ముందే కట్టి చూసుకోవచ్చు. సెట్టింగులతో కాలక్షేపం ఇష్టమైతే తీసుకోండి. ఎగరేయడం మాత్రమే ఇష్టమైతే మెనూలు సూటిగా ఉన్న ట్రాన్స్‌మిటరే మీకు సుఖం.

సిమ్యులేటర్‌కి ఇదే వాడొచ్చా?

యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌గా పనిచేసేదైతే వాడొచ్చు. కొనేముందు ఇది అడగండి. మొదటి విమానాలు కూలేది ఎక్కువగా ఒకే తప్పు వల్ల: విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడి, ఎడమలు తారుమారైనట్టు అనిపించి స్టిక్‌ను తప్పు వైపు తోస్తాం. ఆ తికమక పోవడానికి పది గంటల సిమ్యులేటర్ బాగా పనిచేస్తుంది, అదీ ఎగరేయబోయే ట్రాన్స్‌మిటర్‌తోనే.

సెకండ్ హ్యాండ్ కొంటే ఏం చూడాలి?

ముందు ప్రోటోకాల్. ఆ రిసీవర్లు ఇప్పటికీ తయారవుతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. ఉదాహరణకు స్పెక్ట్రమ్ పాత ప్రోటోకాల్ డీఎస్‌ఎం2 ఆన్ చేసినప్పుడు ఖాళీగా ఉన్న రెండు ఫ్రీక్వెన్సీలు ఎంచుకుని వాటి మీదే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన డీఎస్‌ఎంఎక్స్ 23 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతుతూ ఉంటుంది. రద్దీ ఉన్న మైదానంలో రెండోదే నయం. తర్వాత బ్యాటరీ అర తెరిచి స్ప్రింగుల మీద పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. యాంటెనా మొదట్లో పగులు, స్విచ్‌లన్నీ ప్రతిసారీ పలకడం, ఛానెల్ మానిటర్‌లో గీతలు వణక్కుండా ఉండటం చూసుకోండి. వీలైతే రిసీవర్‌తో బైండ్ చేయించి, సర్వో కదిలించి చూపించమనండి.

## రిసీవర్ బిగించేటప్పుడు

బైండ్ అవట్లేదు, ఏం చేయాలి?

ముందు ట్రాన్స్‌మిటర్‌ను రిసీవర్ నుంచి ఒకటి రెండు మీటర్లు దూరం జరపండి. మరీ పక్కనే ఉంటే సంకేతం మితిమీరి రిసీవర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఎక్కువసార్లు అదే కారణం. అయినా కాకపోతే ప్రోటోకాల్ సరిచూడండి: ఫ్లైస్కైలో ఏఎఫ్‌హెచ్‌డీఎస్, ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ వేరువేరు, ఎఫ్‌ఆర్‌స్కైలో డీ8, డీ16 వేరు, ఏసీసీఎస్‌టీ వెర్షన్ 1, వెర్షన్ 2 కలవవు, యూరప్ ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాం) ఉన్న రిసీవర్ మిగతా ప్రాంతాల ఫర్మ్‌వేర్‌తో కలవదు. ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్‌లో రెండు వైపులా ప్రధాన వెర్షన్ ఒకటే అయి ఉండాలి, 2తో 3 కలవదు. బటన్ లేని ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ రిసీవర్‌కు కరెంటు మూడుసార్లు వెంటవెంటనే ఇచ్చి తీస్తే లైటు జంటగా మిణుకుతుంది, అదే బైండ్‌కు సిద్ధమైన గుర్తు. బైండ్ ప్లగ్ వాడే రిసీవర్ అయితే పని అయ్యాక ప్లగ్ తీయడం మర్చిపోకండి.

రిసీవర్ యాంటెనాలు ఎలా పెట్టాలి?

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెం.మీ. అందులో నాలుగో వంతు, అంటే 31 మి.మీ., యాంటెనాలో నిజంగా పనిచేసే భాగం. వైరు కొసన పైతొడుగు ఒలిచి, లోపలి సన్నటి తీగ బయటికి కనిపించే ముక్క అదే. మిగతా లావు వైరు సంకేతాన్ని మోసుకెళ్లేదే, దాన్ని ఎటు మడిచినా పర్లేదు. ఆ 31 మి.మీ.ను మాత్రం వంపు లేకుండా తిన్నగా ఉంచాలి. కత్తిరించినా, మడిచి టేపు వేసినా దూరం పడిపోతుంది.

రెండు యాంటెనాలుంటే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, మధ్యలో 90 డిగ్రీలు వచ్చేలా పెట్టండి. విమానం ఎటు తిరిగినా ఏదో ఒకటి ట్రాన్స్‌మిటర్‌కు పక్కగా ఉంటుంది. బ్యాటరీ, స్పీడ్ కంట్రోలర్ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), కార్బన్ కడ్డీలకు దూరంగా ఉంచండి. కార్బన్ ఫైబర్ సంకేతాన్ని ఆపేస్తుంది కాబట్టి బాడీ మొత్తం కార్బన్ అయితే కొసలను బయటికి తీయాల్సిందే. ప్లాస్టిక్ స్ట్రా ముక్కలోకి కొసను దూర్చి నురుగు బాడీకి అతికిస్తే వంగకుండా తిన్నగా నిలుస్తుంది.

ట్రాన్స్‌మిటర్ యాంటెనాను విమానం వైపు గురిపెట్టాలా?

వద్దు. కడ్డీ యాంటెనా నుంచి సంకేతం చుట్టూ పక్కలకు పోతుంది, మొన దిక్కున బాగా తక్కువ. యాంటెనాను అడ్డంగానో నిలువుగానో వంచి, పక్క భాగం విమానం వైపు ఉండేలా చూసుకోండి.

గాల్లో ఉండగా ఒక క్షణం కంట్రోల్ పోయి మళ్లీ వచ్చింది. ట్రాన్స్‌మిటర్ పాడైందా?

ఎక్కువసార్లు తప్పు ట్రాన్స్‌మిటర్‌ది కాదు, రిసీవర్‌కు అందే కరెంటుది. సర్వోలన్నీ ఒకేసారి గట్టిగా లాగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, 3.5 వోల్టుల చుట్టుపక్కలకు వస్తే చాలా రిసీవర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. స్పీడ్ కంట్రోలర్‌లోని బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కు, సర్వోలకు ఇచ్చే భాగం) లీనియర్ రకమైతే ఇది తరచూ జరుగుతుంది. నిండుగా చార్జయిన 3 సెల్ లైపో బ్యాటరీ 12.6 వోల్టులు. దాన్ని 5కు దించాలంటే 7.6 వోల్టులు వేడిగా పోవాలి. సర్వోలు ఒక ఆంపియర్ లాగితేనే 7.6 వాట్ల వేడి. బీఈసీ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది.

విమానం నేల మీద ఉండగా రెండు స్టిక్‌లనూ ఒక నిమిషం గిరగిరా తిప్పుతూ టెలిమెట్రీలో (విమానం నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వచ్చే సమాచారంలో) రిసీవర్ వోల్టేజీ చూడండి. 4.5 కంటే కిందికి దిగుతుంటే స్విచింగ్ రకం విడి బీఈసీ పెట్టండి. అది సరిగ్గానే ఉంటే అప్పుడు యాంటెనా మీద అనుమానపడండి.

## మొదటిసారి ఎగరేసే ముందు

ఫెయిల్‌సేఫ్ పెట్టాను అనుకుంటున్నా. ఎలా తెలుస్తుంది?

పెట్టామనుకోవడం సరిపోదు, పరీక్షించాలి. సంకేతం తెగినప్పుడు రిసీవర్ ఏం చేయాలో చెప్పేదే ఫెయిల్‌సేఫ్. అది లేకపోతే చివరి ఆజ్ఞ పట్టుకుని, థ్రాటిల్ తెరిచే ఉన్న విమానం మనుషులున్న చోటికి దూసుకెళ్లొచ్చు.

ప్రొపెల్లర్ తీసేయండి. తీయకుండా ఈ పరీక్ష చేయకూడదు. ట్రాన్స్‌మిటర్, తర్వాత విమానం ఆన్ చేసి, థ్రాటిల్‌ను పావు వంతు తెరిచి మోటారు తిరగనివ్వండి. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి. ఒకటి రెండు సెకన్లలో మోటారు ఆగాలి, సర్వోలు మీరు పెట్టిన స్థానానికి రావాలి. మళ్లీ ఆన్ చేయబోయే ముందు థ్రాటిల్ స్టిక్‌ను కిందికి దించడం మర్చిపోకండి.

ఆగలేదంటే ఒక కారణాన్ని ముందు వెతకండి. కొన్ని రిసీవర్లు బైండ్ చేసే క్షణంలో ఉన్న థ్రాటిల్ స్థానాన్నే ఫెయిల్‌సేఫ్‌గా గుర్తుపెట్టుకుంటాయి. బైండ్ చేశాక మీరు థ్రాటిల్ ఛానెల్ దిక్కు తిప్పితే, అప్పుడు సున్నాగా గుర్తుంచుకున్నది ఇప్పుడు ఫుల్ థ్రాటిల్ అవుతుంది. ఫుటాబా సెట్లలో థ్రాటిల్‌ను తిప్పాల్సిన అవసరం తరచూ వస్తుంది కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త. దిక్కు మార్చాక మళ్లీ బైండ్ చేసి, మళ్లీ పరీక్షించండి. మోటారు విమానానికి థ్రాటిల్ సున్నా, మిగతావి నడిమికి చాలు. గ్లైడర్‌కు బ్రేకులు తెరుచుకునేలా పెడితే దూరం కొట్టుకుపోదు.

స్టిక్ కుడికి తోస్తే ఏ ఐలెరాన్ పైకి లేవాలి?

కుడిది. విమానం వెనక నిలబడి చూడండి: స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలెరాన్ పైకి, ఎడమది కిందికి. ఎలివేటర్ స్టిక్‌ను మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి. రడ్డర్ స్టిక్ కుడికైతే రడ్డర్ వెనక అంచు కుడికి. మొదటిసారే కాదు, ఎగరేసే ప్రతిసారీ చూడాలి. ఎదురు తిరిగే ఐలెరాన్‌తో లేచిన విమానాన్ని కాపాడటం అనుభవమున్నవాళ్లకే కష్టం.

ఎక్స్‌పో, డ్యూయల్ రేట్ ఎంత పెట్టాలి?

విమానం మాన్యువల్‌లో కదలిక మిల్లీమీటర్లలో ఇస్తే స్కేలు పెట్టి కొలిచి అదే పెట్టండి. దాన్ని హై రేట్‌గా, అందులో 60 నుంచి 70 శాతం లో రేట్‌గా ఒక స్విచ్‌కు ఇవ్వండి. ఎక్స్‌పో ఐలెరాన్, ఎలివేటర్‌లకు 25, 30 శాతంతో మొదలుపెడితే స్టిక్ నడిమి దగ్గర మెత్తగా ఉంటుంది, కొసల దగ్గర బలం తగ్గదు.

గుర్తు దగ్గర జాగ్రత్త. స్పెక్ట్రమ్‌లో, ఎడ్జ్‌టీఎక్స్‌లో ప్లస్ అంకె మెత్తబరుస్తుంది. ఫుటాబాలో మైనస్ అంకె. కంపెనీ మారినప్పుడు అదే అంకె ఎక్కిస్తే నడిమి దగ్గర విమానం ముట్టుకుంటేనే ఉలిక్కిపడుతుంది. మెనూలో గీసి చూపించే వంపు నడిమిలో చదునుగా ఉంటే సరైనట్టు.

ఏది ముందు ఆన్ చేయాలి?

ట్రాన్స్‌మిటర్ ముందు, విమానం తర్వాత. ముగించేటప్పుడు విమానం బ్యాటరీ ముందు తీసి, ట్రాన్స్‌మిటర్ చివర్న ఆఫ్ చేయాలి. మోటారుకు కరెంటు ఉన్నంతసేపూ దాన్ని అదుపు చేసేది మన చేతిలో ఉండాలి.

రేంజ్ టెస్ట్ ఎలా చేయాలి?

మెనూలో రేంజ్ చెక్ పెడితే ట్రాన్స్‌మిటర్ శక్తి బాగా తగ్గిపోతుంది. విమానాన్ని నేల మీద కాకుండా ఎత్తులో పెట్టి, ఒకరిని గట్టిగా పట్టుకోమనండి. సుమారు 30 మీటర్లు నడిచి స్టిక్‌లు కదపండి. సర్వోలు ఆగకుండా, తడబడకుండా కదలాలి. తర్వాత మోటారు సగం థ్రాటిల్‌లో తిరుగుతుండగా అదే చేయండి. మోటారు ఆపి ఉన్నప్పుడు బాగుండి, తిరుగుతున్నప్పుడు తడబడితే యాంటెనా స్పీడ్ కంట్రోలర్ దగ్గరగా ఉన్నట్టు. పరీక్ష అయ్యాక రేంజ్ చెక్ నుంచి బయటికి వచ్చారో లేదో చూసుకోండి.

టెలిమెట్రీ నిజంగా అవసరమా?

రెండు అంకెలకు అవసరం: విమానం బ్యాటరీ వోల్టేజీ, సంకేతం బలం. ఎడ్జ్‌టీఎక్స్‌లో సంకేతం హెచ్చరికలు మొదట్లో 45, 42 దగ్గర పెట్టి ఉంటాయి, వాటిని తగ్గించకండి. ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్‌లో చూడాల్సింది లింక్ క్వాలిటీ, అంటే నూటికి ఎన్ని ప్యాకెట్లు అందుతున్నాయన్నది. అది 70 కంటే దిగితే వెనక్కి తిప్పండి. హెచ్చరిక మాటగా వినిపించాలి. విమానం గాల్లో ఉండగా స్క్రీన్ వైపు చూడకూడదు. గ్లైడర్ల వాళ్లకు వేరియోమీటర్ (ఎత్తు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది శబ్దంతో చెప్పేది) కూడా ఎంతో మేలు చేస్తుంది, పైకి లేచే గాలిని చెవితో పట్టుకోవచ్చు.

## వాడుతున్నప్పుడు, మార్చేటప్పుడు

ట్రాన్స్‌మిటర్‌కు ఏ బ్యాటరీలు మంచివి?

4 డబుల్ ఏ సెల్‌లు పట్టే ట్రాన్స్‌మిటర్‌కు తనంతట తాను ఎక్కువగా దిగిపోని నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు బాగుంటాయి. ఒక్కోటి 1.2 వోల్టులు కాబట్టి మొత్తం 4.8, అలారం అంతకు కాస్త తక్కువలో ఉండేలా చూసుకోండి. రెండు 18650 లిథియం సెల్‌లు వాడేవాటిలో అలారం 6.6 నుంచి 6.8 వోల్టుల దగ్గర పెట్టండి. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న 18650 సెల్ కొన్ని మిల్లీమీటర్లు పొడుగు. కొన్ని అరల్లో బలవంతంగా దూర్చితే స్ప్రింగు వంగిపోతుంది. ప్లస్, మైనస్ తిరగేసి పెడితే బోర్డు కాలిపోవచ్చు.

ట్రైనర్ పోర్టు ఎందుకు?

రెండు ట్రాన్స్‌మిటర్లను వైరుతోనో, వైర్‌లెస్‌గానో కలిపితే నేర్పేవారు స్విచ్ నొక్కినంతసేపే కంట్రోల్ నేర్చుకునేవారి చేతిలో ఉంటుంది. వదలగానే వెనక్కి వస్తుంది. రెండు సెట్ల ఛానెల్ వరస ఒకటే కావాలి. స్పెక్ట్రమ్ థ్రాటిల్‌తో మొదలవుతుంది, ఫుటాబా ఐలెరాన్‌తో. చూసుకోకుండా కలిపితే ఐలెరాన్ స్టిక్‌తో మోటారు వేగం పెరుగుతుంది.

బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఇబ్బందేమైనా ఉందా?

ఫర్మ్‌వేర్ ఏ ప్రాంతానిదో చూడండి. యూరప్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కు 100 మిల్లీవాట్ల హద్దు ఉంది. దానికోసం చేసిన సెట్లు పంపే ముందు ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని వినే రకం. 868, 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్ల విషయం ఇంకా సున్నితం, ఒక దేశంలో అనుమతి ఉన్నది ఇంకో దేశంలో నేరం కావచ్చు. మీ దేశం నియమం చూసుకోండి. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ ఒకే ప్రాంతం రకం తీసుకోండి.

కొత్త ట్రాన్స్‌మిటర్‌కి మారితే పాత విమానాల సెట్టింగులు వస్తాయా?

ఒకే కంపెనీ, ఒకే ఫర్మ్‌వేర్ అయితే కొన్నిసార్లు మెమరీ కార్డుతో వస్తాయి. కంపెనీ మారితే రావు. ప్రతి విమానానికీ ఛానెల్ వరస, దిక్కు, ఎండ్ పాయింట్లు, సబ్ ట్రిమ్, మిక్స్‌లున్న స్క్రీన్లను ఫొటో తీసుకోండి. అయితే అంకెలను యథాతథంగా ఎక్కించకండి. ఒక కంపెనీ 100 శాతం, ఇంకో కంపెనీ 100 శాతం సర్వోను ఒకేలా తిప్పవు. నడిమి స్థానం కూడా కొన్నింటిలో 1500 మైక్రోసెకన్లు, ఫుటాబాలో 1520. పాత సెట్‌తో ఐలెరాన్, ఎలివేటర్ లాంటి ప్రతి కదిలే పలక ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకుని, కొత్త సెట్‌లో ఆ మిల్లీమీటర్లు వచ్చేదాకా ఎండ్ పాయింట్లు సర్దండి. స్పీడ్ కంట్రోలర్‌కు థ్రాటిల్ కొసలను మళ్లీ నేర్పాలి, ఫెయిల్‌సేఫ్‌ను ప్రొపెల్లర్ తీసి మళ్లీ పరీక్షించాలి.